ఆదివారం ఆవు

పోయిన వారం యమునను మనం కుప్పంలో, టమాటా షెడ్డు ముందర, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. ఆమెను అట్లా నిలబెట్టింది దొంగా కాదు, దయ్యమూ కాదు. ఒక మిషను. మదనపల్లెలో తను పనిచేసే ఫ్యాక్టరీలో తయారయ్యే టమాటా గుజ్జు మిషనే అది. అదే ఆకుపచ్చ రంగు, అదే గరాటు, అవే కాళ్లు. తమ మిషన్ను ఎక్కడ దించాలో కొలుచుకుపోదామని ఆమె టేపు పట్టుకుని వస్తే, దించాల్సిన చోట అది ముందే దిగి కూర్చుంది. దాని నొసటన ఉన్న రేకు మీద మాత్రం 'దేవరాజులు ఇంజనీరింగ్ వర్క్స్, పుంగనూరు' అని ఉంది.

దేవరాజులు యమున తల్లికి తోడబుట్టిన తమ్ముడు. అంటే ఆమెకు సొంత మేనమామ.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టిన వాళ్లకు ఆ ఫ్యాక్టరీ యజమాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆయన పేరు బ్రూనో. ఊరు ఇటలీలో ఉత్తరం వైపు, టమాటా తోటల నడుమ ఒక పల్లె. పదిహేనేళ్ల కిందట చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు కంపెనీలో మిషన్లు బిగించడానికి వచ్చాడు. ఆయన మిషన్లు బిగించడం పూర్తయ్యే సమయానికి ఆ కంపెనీ మూతపడింది. తిరిగి వెళ్లే ముందు సరదాగా మదనపల్లె మార్కెట్ చూద్దామని వెళ్లాడు. ఆరోజు ధర పడిపోయి రైతులు ట్రాక్టర్లకు ట్రాక్టర్లు రోడ్డు పక్కన పారబోస్తున్నారు. ఆ ఎర్రటి గుట్టల పక్కన గట్టు మీద కూర్చున్న మనిషి మళ్లీ విమానం ఎక్కలేదు. పండిన పంట మట్టిపాలవుతుంటే కడుపు తరుక్కుపోయి ఉండిపోయాడని కొందరు అంటారు. వ్యాపారం కనిపించి ఉండిపోయాడని కొందరు అంటారు. రెండూ నిజమే. పుంగనూరు రోడ్డులో ఒక రేకుల షెడ్డుతో మొదలుపెట్టిన కంపెనీలో ఇప్పుడు నూరు మందికి పైగా పనిచేస్తున్నారు. మిషన్లు నాసిక్ నుంచి నైరోబీ దాకా పోతున్నాయి.

ఈ ఊళ్లలో మగవాడి పేరుకు చివర 'అప్ప' తగిలించనిదే నోటికి రుచించదు. కాబట్టి వచ్చిన కొద్ది నెలలకే బ్రూనో బ్రూనప్ప అయిపోయాడు. తెలుగును ఫిట్టర్ల దగ్గరా లారీ డ్రైవర్ల దగ్గరా నేర్చుకున్నాడు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఆఫీసర్లు ఆయన ముఖం చూసి ఇంగ్లీషులో పలకరిస్తారు. ఆయన "రాండప్పా, యాణ్ణుంచి వస్తాండారు, కాఫీ తాగినారా" అంటాడు. అప్పుడు వాళ్లు అర్థం చెప్పమన్నట్టు యమున వైపు తిరుగుతారు. తంబళ్లపల్లె పిల్ల అయి కూడా ఇంజనీరింగ్ కాలేజీ తెలుగు మాట్లాడే యమున ఆ ఫ్యాక్టరీకి ప్రొడక్షన్ మేనేజరు.

కుప్పం నుంచి ఆమె బస్సు మదనపల్లె చేరేలోపే కబురు ఫ్యాక్టరీ చేరింది. మర్నాడు పొద్దున ఆమె లోపలికి రాగానే టీ బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆఫీసు మేనేజరు మురళీధర్ వచ్చి చెయ్యి చాచాడు.

"డ్రాయింగుల బీరువా తాళంచెవి ఇటివ్వండి మేడం."

"ఎందుకు?"

"ఊరికే. మీ మీద అనుమానమని కాదు."

ఎవరూ అనుమానం అనే మాట ఎత్తకముందే అనుమానం లేదని చెప్పడంలో మురళీధర్‌ది అందె వేసిన చెయ్యి. తాళంచెవి అతని చేతిలో పడేసి యమున నేరుగా బ్రూనప్ప గదిలోకి వెళ్లింది.

"పుంగనూరు పోదాం పదండి సార్. మా మామను నా ఎదురుగానే మీరు అడగండి. డ్రాయింగులు నేనిచ్చానో లేదో ఆయన నోటితోనే చెప్తాడు."

బ్రూనప్ప కాగితాల మీద నుంచి తలెత్తలేదు. "ఇప్పుడే యాలమ్మా? ఎండ నిండా ఉండాది."

"ఫర్వాలేదు సార్."

"జీపు బ్రేకులు సరిగా పడ్లేదు."

"పొద్దున మీరు దాంట్లోనే కదా వచ్చారు."

"అందుకే సెప్తాండాను, పడ్లేదని."

కోపంగా ఉండాల్సిన మనిషి ఇట్లా నసుగుతున్నాడేమిటని ఆమెకు తోచలేదు. తన మీద జాలితో, తన వాళ్ల పరువు పోకూడదని వెనకాడుతున్నాడనుకుంది. అనుకునేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి బ్రూనప్ప ఇంకేమీ అనలేక జీపు తాళాలు అందుకున్నాడు.

దారి పొడవునా ఆయన ఎంత నిదానంగా నడిపాడంటే టమాటా బాక్సులు ఎత్తిన ట్రాక్టర్లు హారన్ కొట్టి మరీ దాటిపోయాయి. మామూలుగా జీపెక్కితే బ్రూనప్ప నోరు ఊరుకోదు. ఈరోజు ఉలుకూ పలుకూ లేదు. యమునే కదిపింది.

"ఆవు సంగతి ఏమైంది సార్?"

బ్రూనప్ప ఆవు సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిందే. నడుమెత్తు కూడా ఉండని పుంగనూరు ఆవును ఒకదాన్ని కొనుక్కోవాలని ఆయన కోరిక. దానికోసం నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం పుంగనూరు పోతాడు. ఒకదాని కొమ్ములు నచ్చలేదంటాడు, ఇంకొకదాని కోపం నచ్చలేదంటాడు. ఈయన పెళ్లిచూపులకు పోయినా ఇన్ని వంకలు పెట్టడని వెల్డింగ్ వాళ్లు నవ్వుకుంటారు.

"సూస్తానే ఉండాను," అన్నాడు బ్రూనప్ప, రోడ్డు వైపు మరీ శ్రద్ధగా చూస్తూ.

పుంగనూరులో దేవరాజులు షెడ్డు కనుక్కోవడం కొత్తవాళ్లకు కష్టం. యమున దారి చెప్పడానికి నోరు తెరిచేలోగా జీపు పాత సినిమా హాలు పక్క సందులోకి తిరిగింది. తర్వాత ఎడమకు. తర్వాత పిండిమర దగ్గర, ఆరుబయట కట్టేసిన గొర్రెలను తప్పించుకుంటూ కుడికి.

"మీకు దారి ఎట్లా తెలుసు సార్?"

"రోడ్డు ఇట్లే పోతాది గదమ్మా. మనం దాంతో పోతాండాం."

షెడ్డు పక్కనే ఇల్లు. జీపు చప్పుడుకు దేవరాజులు భార్య మునిరత్నమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. మేనకోడలిని ఎట్లా పలకరిస్తుందో, ఏ మొహంతో పలకరిస్తుందో అని యమున జీపులోనే కూర్చుని చూసింది. కానీ ఆమె యమునను చూడనే లేదు.

"ఏమన్నా, పోయిన ఆదివారం రాకపోతివి? తలకాయ కూర సేసి పొద్దుగూకేదాకా సూస్తిమి. మా ఇంటాయన నువ్వు లేందే తిననని కూసునె."

బ్రూనప్ప ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. అప్పుడు మునిరత్నమ్మ కళ్లు జీపులో ఇంకో పక్క పడ్డాయి.

"నువ్వు గూడా వస్తివా పాపా? మంచిది. కాళ్లు కడుక్కోండి, సంగటి దించేస్తా."

"అత్తా," అంది యమున మెల్లగా, "సారు నీకు తెలుసా?"

"తెలీకేమి. నాలుగేండ్లాయె, ఆదివారం బువ్వ ఈడే గదా. అదో, ఆ చేతుల కుర్సీ ఈయప్పదే. ఇంకెవురు కూసున్నా మీ మామ లేపేస్తాడు."

యమున ఆ కుర్చీని చూసింది. కుర్చీ మీది పువ్వుల గలీబు దిండును చూసింది. తర్వాత తన యజమాని వైపు తిరిగింది.

"ఆవు ఎక్కడుంది సార్?"

సమాధానం మునిరత్నమ్మ చెప్పింది. "మాకు ఆవు యాడిది పాపా? ఉన్నింది ఒగ మేక. దాన్ని గూడా ఉగాదికి అమ్మేస్తిమి."

అంతలో షెడ్డులోంచి దేవరాజులు వచ్చాడు. ఎత్తరి. ఊళ్లో అందరి మోటార్లూ ఆయనే బాగుచేస్తాడు, ఆ విషయం ఊళ్లో అందరికీ ఆయనే చెప్తాడు. షెడ్డు కంటే వెడల్పైన కొత్త బోర్డు ఒకటి రాయించి, రంగు ఆరడానికి గోడకు ఆనించి పెట్టాడు. "రాప్పా బ్రూనప్పా," అంటూ రెండు చేతులూ చాచినవాడు, వెనకాల మేనకోడలిని చూసి ఆ చేతులను ఏం చేయాలో తెలియక వాటితోనే మీసం సర్దుకున్నాడు.

తిన్నాక మాట్లాడుకోవచ్చని మునిరత్నమ్మ తీర్పు చెప్పింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. కాబట్టి ఈ కథలో ఇంతవరకూ జరిగిన గొడవల్లోకెల్లా పెద్ద గొడవ రాగిసంగటి ముద్దల మీద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మధ్య జరిగింది.

"మామా, కుప్పంలో ఉండే మిషన్ నీదేనా?"

"నాదే. ఎట్లుండాది?" అన్నాడు దేవరాజులు. దాచుకుందామన్నా గొంతులో గర్వం దాగలేదు.

"మా మిషన్ మాదిరి ఉంది."

"మాదిరి ఏంది పాపా. అదే."

"డ్రాయింగులు ఎవరిచ్చారు?"

"డ్రాయింగా? డ్రాయింగులు యాల?" దేవరాజులు ఎడమచేత్తో బ్రూనప్పను చూపించాడు. "ఈయప్ప నాలుగేండ్లుగా సెప్తానే ఉండాడు గదా. జల్లెడ కన్నం ఎంతుండల్లా, షాఫ్టు ఎంత జోరుగా తిరగల్లా, తొక్కలు ఏ పక్క పడల్లా. ఊరిబిండితో ఈ బువ్వ తట్టలోనే గీసి సూపిచ్చినాడు. ఒగ ఆదివారమైతే రబ్బరు గురించి పొద్దుగూకేదాకా సెప్పె. నేను కునుకు తీస్తే లేపి మళ్లా మొదుట్నుంచి సెప్పె."

యమున కంచంలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. తాళంచెవి కోసం చాచిన మురళీధర్ చెయ్యి, టీ బల్ల దగ్గర ఆగిపోయిన మాటలు, దారి పొడవునా తను దిగమింగుకున్న ఏడుపు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

బ్రూనప్ప తల వంచుకునే అన్నాడు. "నేను స్నేహితునికి సెప్తిని దేవరాజులూ. మిషన్ సెయ్యమని సెప్తినా?"

"సెయ్యొద్దని సెప్తివా?"

"సేస్తాండావని నాతో ఒగ మాట అనల్లా గదా."

"ఎప్పుడనల్లా? నువ్వు సందిస్తే గదా. వస్తానే మొదలుపెడతావు, జీపెక్కేదాకా ఆపవు. షెడ్డులో ఏం సేస్తాండావప్పా అని నాలుగేండ్లలో ఒగసారన్నా అడిగినావా? షెడ్డు తలుపు ఎప్పుడూ తెరిసే ఉండె. నువ్వే తలకాయ పెట్టి సూడకపోతివి."

ఆ మాట బ్రూనప్పకు తగలాల్సిన చోట తగిలింది. నీళ్ల చెంబు అందుకుని, తాగకుండానే కింద పెట్టాడు. తర్వాత యమున వైపు తిరిగాడు.

"ఫ్యాక్టరీలో ఎవురితో మాట్లాడేదమ్మా? మురళీధర్‌కు బేరింగ్ గురించి సెప్తే బిల్లు యాడ అంటాడు. మీరంతా వింటారు, నిజమే, జీతం ఇస్తాండాను గాబట్టి వింటారు. ఈయప్పకు నేనేమీ ఇయ్యను. అయినా వింటాడు. ఆదివారం వస్తాదని వారమంతా సూసుకుంటా ఉంటాను."

"అంత విన్నాక సెయ్యకుండా ఎట్లుండేది?" అన్నాడు దేవరాజులు. ఈసారి గొంతులో గర్వం లేదు. "నాకు సేతులుండాయి గదా."

తినడం అయ్యాక బ్రూనప్ప లేచి షెడ్డులోకి నడిచాడు. అక్కడ రెండో మిషను సగం తయారై ఉంది. చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. ఒకచోట ఆగి, తొక్కలు పడే తూము కింద బ్రాకెట్టు మీద వేలు పెట్టాడు. అది తిన్నగా లేదు. విరిగిన మోచేయిలా ఒక పక్కకు వంగి ఉంది.

"ఇది ఏందప్పా?"

దేవరాజులు ముఖం వెలిగింది. "అది నాకు సెప్పకుండా దాసిపెట్టినావు సూడు, అదే. నీ మొట్టమొదటి మిషన్ ఈ ఊళ్లోనే ఊరగాయల షెడ్డులో ఉండాది గదా. రిపేరికి నా కాడికే వచ్చె. అన్నీ సెప్పినోడివి ఈ వంపు గురించి మటుకు ఏ ఆదివారమూ సెప్పలేదు. అంటే అసలు రహస్యం అదే అనుకొంటి. ఆ వంపులో తొక్క మెలి తిరుక్కోని, రసమంతా కారిపోయినాక కింద పడతాది. అవునా కాదా? దాన్ని తెచ్చేకి ఎన్ని బ్రాకెట్లు ఇరగ్గొట్టినానో నాకే తెలుసు."

"అది లారీ సేసిన వంపప్పా," అన్నాడు బ్రూనప్ప.

"ఏ లారీ?"

"మిషన్ తెచ్చిన లారీ. దార్లో గుంతలో పడె. బ్రాకెట్టు వంగిపోయె. ఇంగొకటి సేసేకి ఆ పొద్దు నా జేబులో ఇనుముకు గూడా దుడ్డు లేదు. అట్లే బిగిచ్చేస్తిని."

దేవరాజులు ఆ వంపును చాలాసేపు చూశాడు. చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి హఠాత్తుగా వేరే భాష మాట్లాడితే చూసినట్టు చూశాడు. ముందుగా నవ్వింది మునిరత్నమ్మ. తర్వాత బ్రూనప్ప. ఎంత కోపంలో ఉన్నా యమున కూడా ఆపుకోలేకపోయింది. చివరికి దేవరాజులు కూడా నవ్వాడు గానీ, అందరికంటే ముందు ఆపేసింది ఆయనే.

"నవ్వేది సరే," అన్నాడు. "బేస్తవారం నేను గూడా వస్తాండాను. వంపుతోనే వస్తాను."

అసలు గొడవ అక్కడుంది. కుప్పంలో మహిళా రైతుల సంఘం నడిపే ఇందిరమ్మ, రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టి బేస్తవారం పరీక్ష చేయిస్తానంది. ఫ్యాక్టరీ మిషను కూడా ఈరోజు తెల్లవారుజామునే లారీలో పోయి అక్కడ దిగింది. ఏది గెలిస్తే దాన్నే తీసుకుందామని చుట్టుపక్కల సంఘాలన్నీ చూస్తున్నాయి. బ్రూనప్ప ఓడితే, ఈ ఏడాది కొత్తగా వేసిన షెడ్డుకు పనే ఉండదు.

"ఆ కొత్త షెడ్డును నమ్ముకోని ముప్పై మందిని పనిలో పెట్టుకున్నాను దేవరాజులూ," అన్నాడు బ్రూనప్ప. "వాళ్లకు నేనేం సెప్పల్లా?"

"నా కాడ నలుగురుండారు. వాళ్లకు నేనేం సెప్పల్లా?"

ఇద్దరూ ఒకేసారి యమున వైపు తిరిగారు. న్యాయం చెప్పమన్నట్టు కాదు, తమ వైపు చెప్పమన్నట్టు.

"నన్ను చూడకండి," అంది యమున. "మీ ఇద్దరి స్నేహం మధ్య దొంగ పేరు వచ్చింది నాకు. ఎనిమిదేళ్ల నుంచి నా బ్యాగులో ఉన్న తాళంచెవి పొద్దున మురళీధర్ జేబులోకి పోయింది. మామా, నువ్వు మిషన్ చేసుకున్నావు, బాగుంది, అది మా ఫ్యాక్టరీదని తెలిసినప్పుడు నీ అక్క కూతురు అక్కడే పనిచేస్తోందని గుర్తు రాలేదా?"

దేవరాజులు నేల చూశాడు. "వచ్చింది పాపా. పాపకు గూడా ఒగ మాట సెప్పల్లా అనుకొంటి. నువ్వు కొట్లాడతావని భయపడితి."

"సార్, మీరు. కుప్పంలో ఈ మిషన్ ఉందని తెలిసిన క్షణమే ఎవరు చెప్పారో మీకు అర్థమై ఉంటుంది. అయినా నన్ను అనుమానిస్తుంటే చూస్తూ కూర్చున్నారు."

"సెప్పేకి సిగ్గాయెనమ్మా."

"రేపు పొద్దున టీ టైములో అందరి ముందరా చెప్పాలి. ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో, అన్నీ. మురళీధర్ ఆ తాళంచెవి అందరూ చూస్తుండగా నా చేతికివ్వాలి. లేకపోతే బేస్తవారం కుప్పానికి మీరొక్కరే పోండి."

"సెప్తా," అన్నాడు బ్రూనప్ప. "ఆవు గురించి గూడా సెప్పల్లా?" అని అడిగాడు.

"చెప్పాలి."

నూరు మంది ముందర ఆవు లేదని ఒప్పుకోవడం కళ్లముందు కదిలినట్టుంది. ఆయన ముఖం ఇంటి ముందు ఆరబోసిన ఎండుమిరపకాయల రంగుకు తిరిగింది.

సరిగ్గా అప్పుడు యమున ఫోను మోగింది. ఇందిరమ్మ. షెడ్డు బయట పిండిమర హోరుకు వినపడక స్పీకర్ పెట్టింది.

"యమునమ్మా, మీ సారు నీతోనే ఉండాడంట గదా. ఫ్యాక్టరీకి ఫోన్ సేస్తే పుంగనూరు పోయినారని సెప్పిరి."

"ఉన్నారమ్మా. ఏమైంది?"

"ఈడ ఒగ తెల్లామె వచ్చిండాది. యాభై ఉంటాదేమో వయసు. కారు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చె. రెండు మిషన్ల సుట్టూ తిరిగె. మోకాళ్ల మీద కూసోని అడుగు తట్టు గూడా సూసె. ఆమెకు తెలుగు రాదు. ఫోన్‌లో మాట్లాడితే, ఆ ఫోను మాకు తెలుగులో సెప్తాది, పురాణం సదివినట్ల. 'ఈ యంత్రము నాది' అంటాది."

దేవరాజులు చెవులు రిక్కించాడు. "ఏ యంత్రమంట? నాదా, ఈయప్పదా?"

"నేనూ అదే అడిగితినప్పా. 'ఉభయ యంత్రములును నావే' అనె. తనే గీసిందంట, మొదట."

యమున బ్రూనప్ప వైపు చూసింది. ఇంతసేపూ ఎర్రగా ఉన్న ఆ ముఖంలో ఇప్పుడు రంగే లేదు. ఆయన సన్నగా అడిగాడు.

"జుట్టు ఎట్లుండాది, అడుగమ్మా."

"మగపిల్లోని మాదిరి కత్తిరిచ్చుకోనుండాది," అంది ఇందిరమ్మ గొంతు. "సెవి మీద పెన్సిలు పెట్టుకోనుండాది. 'బ్రూనో ఎచ్చట గలడు' అని అడిగె. దూరం నుంచి వచ్చిన మనిసి గదా అని పుంగనూరులో ఉండాడని సెప్తిని. బయల్దేరి శానాసేపాయె. ఈపాటికి బైరెడ్డిపల్లె దాటుంటాది."

ఫోను ఆగిపోయింది. దేవరాజులు పెదవుల మీద నవ్వు మెల్లగా, తీరిగ్గా విచ్చుకుంది.

"బ్రూనప్పా, నువ్వు గూడా యాడన్నా ఆదివారం బువ్వ తిని వింటా కూసుంటివా ఏంది?"

"ఆదివారం ఒగటే కాదప్పా," అన్నాడు బ్రూనప్ప. "వారమంతా. ఆమె నా పెండ్లాం."

పదిహేనేళ్లలో ఆ మాట ఆయన నోట ఎవరూ విన్నది లేదు. యమున వినలేదు, ఫ్యాక్టరీ వినలేదు, నాలుగేళ్ల పాటు ప్రతి ఆదివారం అన్నీ విన్న దేవరాజులు కూడా వినలేదు. అందరికంటే ముందు కదిలింది బ్రూనప్పే. షెడ్డులోంచి ఇంటి ముందుకు వచ్చి, లోపలి వైపు చూస్తూ, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మునిరత్నమ్మా, మీ పెరటి వాకిలి యాడికి పోతాది?"

మునిరత్నమ్మ లోపలికి వెళ్లి పెరటి తలుపుకు గొళ్లెం పెట్టింది. తిరిగి వస్తూ ఇంకో కంచం తెచ్చి చేతుల కుర్చీ పక్కన పెట్టింది.

"యాడికీ పోదన్నా," అంది. "కూసో. ఆమె కారం తింటాదా తినదా, అది సెప్పు ముందు."